జియో సైంటిస్ట్ పరీక్షకి ఢిల్లీ వెళ్లాలా? విశాఖలోనే ఉండి చదవాలనుకునే అమ్మాయికి నా జవాబు

ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జియాలజీ ఆఖరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి ఇలా అడిగింది: "సార్, యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయాలని ఉంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఢిల్లీలో కోచింగ్ అంటే నాన్న అప్పు చేయాలి. ఇంకోపక్క ఒక గనుల కంపెనీలో చిన్న ఉద్యోగం వచ్చేలా ఉంది. కోచింగ్ లేకుండా వైజాగ్‌లోనే ఉండి రాయగలనా? అప్లికేషన్‌లో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? ఫీల్డ్ ఉద్యోగం ఆడపిల్లకి కష్టమని ఇంట్లో అంటున్నారు, నిజమేనా?"

మా డిపార్ట్‌మెంట్ పిల్లవి కాబట్టి నువ్వు అనే అంటున్నానమ్మా. నేనూ అక్కడే ఎమ్మెస్సీ చేశాను. కేంద్ర ప్రభుత్వ జియాలజిస్టు ఉద్యోగాలకి జరిగే ఈ పరీక్ష రెండుసార్లు రాసి, రెండోసారి జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్ఐ)లో చేరాను. ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాక ఎంవీపీ కాలనీలో ఉంటున్నాను. సాయంత్రాలు నలుగురైదుగురు పిల్లలు జవాబులు రాసి తెచ్చి దిద్దించుకుంటారు. నేను చెప్పేదంతా ఆ అనుభవంలోంచే.

ముందు అప్పు సంగతి. చేయించకు. ఎందుకో మార్కుల లెక్క చూస్తే నీకే అర్థమవుతుంది.

నేను రాసిన రోజుల్లో ప్రిలిమ్స్ లేవు. నేరుగా రాతపరీక్ష, ఆ తర్వాత ఇంటర్వ్యూ. 2020 నుంచి మూడు అంచెలు చేశారు. ప్రిలిమ్స్‌లో జనరల్ స్టడీస్ 100 మార్కులు, సబ్జెక్టు 300 మార్కులు, ఒక్కోటి రెండు గంటలు. మెయిన్స్‌లో మూడు పేపర్లు, ఒక్కోటి 200 మార్కులు, మూడేసి గంటలు, అంతా రాసే జవాబులే. ఇంటర్వ్యూ 200. మొత్తం 1200. సివిల్స్‌లో ప్రిలిమ్స్ మార్కులు గేటు దాటడానికే పనికొస్తాయి. ఇక్కడ అలా కాదు, అవి చివరి ర్యాంకులో కలుస్తాయి. ఇప్పుడు కూడి చూడు. ప్రిలిమ్స్ సబ్జెక్టు 300, మెయిన్స్ 600, అంటే 900 మార్కులు నువ్వు ఇప్పటికి అయిదేళ్లుగా చదువుతున్న జియాలజీవే. ఇంటర్వ్యూలో అడిగేవాటిలోనూ చాలా భాగం అదే. జియాలజీ నేర్చుకోవడానికి కొండలున్న ఊరు వదిలి వెళ్లడమెందుకు?

కోచింగ్ పనికిరాదని అనడం లేదు. అక్కడ దొరికేవి రెండు: టైము ప్రకారం సిలబస్ పూర్తి చేయించడం, రాసిన జవాబు దిద్దడం. మొదటిది నలుగురు కలిస్తే వి.ఎస్.కృష్ణా లైబ్రరీలో కూర్చుని చేసుకోవచ్చు. రెండోదానికి మీ మాస్టార్లున్నారు, నాలాంటి రిటైరైనవాళ్లున్నారు. జీఎస్ఐ మెరైన్ విభాగం ఆఫీసు, భూగర్భ జల బోర్డు ఆఫీసు కూడా ఈ ఊళ్లోనే ఉన్నాయి. వాటిలో మన సీనియర్లు పనిచేస్తున్నారు. వెళ్లి అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ప్రిలిమ్స్ ముందు ఆన్‌లైన్‌లో ఒక టెస్ట్ సిరీస్ కొనుక్కో, చాలు. పాత ప్రశ్నపత్రాలు యూపీఎస్సీ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా ఉంటాయి. అవి మొత్తం దింపుకుని ఒక బైండు చేయించు. సిలబస్ కాగితం కంటే అవే నీకు ఎక్కువ చెబుతాయి.

ఇక నేను మొదటిసారి ఎందుకు తప్పానో చెప్తాను. నా సలహా అంతా అక్కడినుంచే మొదలవుతుంది.

రాతపరీక్ష బాగానే రాశాను. ఇంటర్వ్యూ బోర్డులో ఒక పెద్దాయన "మీది విశాఖపట్నం కదా, అక్కడి కొండల్లో ఏ రాయి ఉంటుంది?" అన్నారు. ఖొండలైట్ అన్నాను. అందులో గార్నెట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, కొన్నిచోట్ల గ్రాఫైట్ ఉంటాయని, 1902లో వాకర్ అనే ఆయన ఖోండు గిరిజనుల పేరు మీద ఆ పేరు పెట్టాడని గడగడా చెప్పాను. ఆయన తల ఊపి, "యూనివర్సిటీకి దగ్గర్లో ఉన్న కొండ మీద ఆ రాయి ఫోలియేషన్ ఎటు వాలి ఉంటుంది?" అని అడిగారు. (ఫోలియేషన్ అంటే రాయిలో కనిపించే పొరల్లాంటి అమరిక.) తూర్పు కనుమల పోకడ ఈశాన్యం నుంచి నైరుతికి అని పుస్తకంలో చదివింది చెప్పాను. "అది కనుమల సంగతి. నేను ఆ కొండ గురించి అడిగాను. కొలిచావా?" అన్నారు. కొలవలేదు. రెండేళ్లు ఆ కొండ కిందే తిరిగాను. సాయంత్రాలు స్నేహితులతో ఎక్కాను కూడా. ఒక్కసారీ రాతి వాలు కొలిచే బ్రంటన్ దిక్సూచి తీసి ఆ రాయి మీద పెట్టలేదు. అబద్ధం చెప్పకుండా లేదనే చెప్పాను. ఆ తర్వాత ప్రశ్నలన్నిటికీ నా గొంతు తగ్గిపోయింది.

తిరిగి వచ్చాక ప్రతి ఆదివారం సుత్తి, లెన్స్, బ్రంటన్, ఒక నోట్‌బుక్కు పట్టుకుని బయల్దేరేవాణ్ని. కైలాసగిరి, రుషికొండ, సింహాచలం కొండ, యారాడ, భీమిలి. కొలిచింది అక్కడికక్కడే రాసుకుని, స్కెచ్ వేసుకుని, ఇంటికొచ్చి పుస్తకంతో పోల్చుకునేవాణ్ని. ఆ ఏడాది నేను కొత్తగా చదివిన పుస్తకాలు పెద్దగా లేవు. చదివినవే కళ్లతో చూశాను. రెండోసారి రాతపరీక్షలో నా జవాబులు వేరే మనిషి రాసినట్టుండేవి.

తేడా ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చెప్తాను. ఖొండలైట్ల గురించి 20 మార్కుల ప్రశ్న వచ్చిందనుకో. నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది మొదట రాసేది ఇలా ఉంటుంది: నిర్వచనం, ఖనిజాల పేర్లు, ఏయే రాష్ట్రాల్లో ఉందో ఒక జాబితా, అయిపోయింది. తప్పు లేదు, కానీ అందరూ రాసేదే. ఇంకో జవాబు చూడు. అల్యూమినా ఎక్కువగా ఉన్న బంకమట్టి అవక్షేపాలు గ్రాన్యులైట్ ఫేసీస్ (చాలా ఎక్కువ వేడిలో రాయి మారే దశ) దాకా వేడెక్కితే ఈ రాయి అయిందని రెండు వాక్యాలు. పక్కనే థిన్ సెక్షన్ (మైక్రోస్కోపులో చూసే పలచని రాతి ముక్క) బొమ్మ, సూదుల్లా సిల్లిమనైట్, గుండ్రంగా గార్నెట్, స్కేలు వేసి. తూర్పు కనుమల చిన్న రేఖాపటం, అందులో చార్నోకైట్, లెప్టినైట్ అనే తోటి రాళ్లు ఎలా కలిసి ఉంటాయో చూపించడం. పాడేరు దగ్గర సఫిరిన్ అనే ఖనిజం ఉన్న రాళ్లు దొరికాయంటే అక్కడ ఉష్ణోగ్రత ఎంత పైకి వెళ్లిందో ఒక వాక్యం. అదే ఖొండలైట్ అనంతగిరి, అరకు వైపు కొండల మీద లక్షల ఏళ్ల వానకీ ఎండకీ శిథిలమై సిలికా కొట్టుకుపోయి, అల్యూమినా మిగిలి బాక్సైట్ అయిందని చివర్లో. కోణార్క గుడి ఎక్కువ భాగం కట్టింది ఈ రాయితోనే, గాలికీ తేమకీ అది ఎలా అరుగుతోందో కూడా ఒక మాట రాయొచ్చు. ఒక్క రాయి చుట్టూ మినరాలజీ, మెటమార్ఫిక్ పెట్రాలజీ, ఎకనామిక్ జియాలజీ అన్నీ వచ్చేశాయి. దిద్దేవాళ్లూ జియాలజిస్టులే కదా, ఈ అమ్మాయి రాయిని చూసిందని ఒక పేజీలో పోల్చుకుంటారు.

మన ఊరి చుట్టూ ఇలాంటివి ఎన్ని ఉన్నాయో చూడు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. ఇసుక రేణువుల మీద ఇనుప ఆక్సైడ్ పూత పట్టి ఎర్రబడిన క్వాటర్నరీ (ఇటీవలి భూయుగం) దిబ్బలు, వాన నీళ్లు కోసిన లోతైన చాళ్లు (గల్లీలు), తమిళనాడులోని తేరి అనే ఎర్ర ఇసుకలతో పోలిక. సెడిమెంటాలజీకీ జియోమార్ఫాలజీకీ పాఠశాల అది. భీమిలి తీరపు ఇసుకలో నల్లగా కనిపించే ఇల్మనైట్, ఎర్రగా మెరిసే గార్నెట్, సిల్లిమనైట్ అన్నీ ప్లేసర్ (నీళ్లు, అలలు పోగుచేసిన బరువైన ఖనిజాల) నిక్షేపాల ప్రశ్నకి జవాబులే. చీపురుపల్లి, గరివిడి వైపు మాంగనీసు గనులు. ఆర్కే బీచ్ ఎందుకు కోసుకుపోతుందో తెలుసుకో. మన తీరం వెంట ఇసుక ఏడాది మొత్తం మీద చూస్తే ఉత్తరానికి నడుస్తుంది. ఔటర్ హార్బర్ గోడలు దాన్ని ఆపేస్తాయి. ఆగిన ఇసుకని పోర్టువాళ్లు తవ్వి బీచ్‌లో పోస్తుంటారు. మూడో పేపర్లో తీర ప్రమాదాల గురించి అడిగితే ఇంతకంటే మంచి ఉదాహరణ దేశంలో ఎక్కడ వెతుకుతావు? ఎర్రమట్టి దిబ్బల మీద మాత్రం సుత్తి వాడకు, నమూనాలు తేకు. ఇప్పటికే చాలా పోగొట్టుకున్నాం. కళ్లతో చూసి బొమ్మ గీసుకుని రా.

1941లో సి. మహదేవన్ గారు మన డిపార్ట్‌మెంట్ మొదలుపెట్టిన చోటులో ఇదంతా నడిచే దూరంలోనో, ఒక బస్సు దూరంలోనో ఉంది. దీన్ని వదిలి ఎక్కడో గదిలో కూర్చుని ఇదే ఖొండలైట్ గురించి నోట్సు బట్టీ పట్టడానికి మీ నాన్న అప్పు చేయడం నాకు కష్టంగా అనిపిస్తుందమ్మా.

తెలుగు మీడియం భయం గురించి. మెయిన్స్ ప్రశ్నలు ఇంగ్లీషులోనే ఉంటాయి, జవాబులూ ఇంగ్లీషులోనే రాయాలి. దాన్ని తప్పించుకునే దారి లేదు. కానీ జియాలజీ రాయడానికి కావలసిన ఇంగ్లీషు చిన్నది. సాంకేతిక పదాలు నీకు వచ్చు. మిగిలింది చిన్న చిన్న వాక్యాలు. అనకాపల్లి వైపు నుంచి నా దగ్గరికి ఒక అబ్బాయి వచ్చేవాడు. పదో తరగతి దాకా ఊరి స్కూల్లో తెలుగు మీడియం. మొదటి రోజు 20 మార్కుల జవాబుకి గంట పట్టింది, సగం వాక్యాలు మధ్యలో ఆగిపోయాయి. పొడుగు వాక్యం రాయొద్దు, ఒక వాక్యంలో ఒక్క విషయమే చెప్పు, మాట దొరక్కపోతే బొమ్మ గీసి పేర్లు పెట్టు అన్నాను. రోజుకొకటి చొప్పున ఎనిమిది నెలలు రాశాడు. పండగ రోజూ రాశాడు. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. లెక్క గుర్తుంచుకో: 180 నిమిషాల్లో 200 మార్కులు, అంటే 20 మార్కుల జవాబుకి 18 నిమిషాలు. గడియారం పెట్టుకుని రాయకపోతే ఎంత తెలిసినా చివరి ప్రశ్నలు ఖాళీగా మిగులుతాయి.

మెయిన్స్‌లో మొదటి పేపర్ ఫిజికల్ జియాలజీ, రిమోట్ సెన్సింగ్, స్ట్రక్చరల్, సెడిమెంటాలజీ, పేలియంటాలజీ, స్ట్రాటిగ్రఫీ. రెండోది మినరాలజీ, జియోకెమిస్ట్రీ, ఐసోటోపులు, ఇగ్నియస్, మెటమార్ఫిక్, జియోడైనమిక్స్. మూడోది ఎకనామిక్ జియాలజీ, భారత ఖనిజ నిక్షేపాలు, ఎక్స్‌ప్లొరేషన్, ఇంధనాలు, ఇంజినీరింగ్ జియాలజీ, పర్యావరణం, ప్రకృతి ప్రమాదాలు. మనవాళ్లు మూడో పేపర్ తేలిగ్గా తీసుకుంటారు, నష్టపోయేదీ అక్కడే. పాత పుస్తకంలో ఉన్న గనుల పేర్లు రాస్తే సరిపోదు. జీ4 (తొలి పరిశీలన) నుంచి జీ1 (పూర్తి వివరమైన అన్వేషణ) దాకా దశల్లో ఏ దశలో ఏం చేస్తారో తెలియాలి. 2023లో జమ్ము కశ్మీర్ రియాసీలో 59 లక్షల టన్నుల లిథియం అని ప్రకటించినప్పుడు అది జీ3 దశ అంచనా మాత్రమే, వెంటనే తవ్వగలిగే నిల్వ అని కాదు. ఆ తేడా ఒక్క వాక్యంలో రాయగలిగితే నీకు ఎక్స్‌ప్లొరేషన్ అర్థమైనట్టే. అదే ఏడాది కేంద్రం 30 కీలక ఖనిజాల జాబితా ఇచ్చింది, గనుల చట్టం సవరించింది. ఇవి జనరల్ స్టడీస్‌కీ పనికొస్తాయి. గణాంకాలకి ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ ఏటా విడుదల చేసే ఖనిజాల వార్షిక సంచిక చూడు, వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితం. జీఎస్ఐ వాళ్ల భూకోశ్ పోర్టల్‌లో మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి. మన జిల్లా మ్యాపు దింపుకుని గోడకి అతికించుకో.

జనరల్ స్టడీస్ గురించి ఎక్కువ చెప్పను. నూరు మార్కులు. స్కూలు పుస్తకాలు, రోజూ ఒక పేపరు, పాత ప్రశ్నలు. అయితే ఏ పేపర్లోనైనా కనీస మార్కులు పెట్టే అధికారం కమిషన్‌కి ఉంది, కాబట్టి పూర్తిగా వదిలేయకూడదు. ప్రిలిమ్స్‌లో తప్పు జవాబుకి ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు పోతుంది. తెలియనిదాన్ని ఊహించి పెట్టే అలవాటు ఉంటే ఇప్పుడే మానుకో. సుమారుగా ఖాళీల సంఖ్యకి ఆరేడు రెట్ల మందిని మెయిన్స్‌కి, రెండు రెట్ల మందిని ఇంటర్వ్యూకి పిలుస్తారు.

ఇప్పుడు అప్లికేషన్. ఇక్కడ చిన్న పొరపాటుకి ఏడాది పోతుంది, అందుకే నిదానంగా చెప్తాను.

నోటిఫికేషన్ సాధారణంగా సెప్టెంబరులో వస్తుంది. ప్రిలిమ్స్ ఫిబ్రవరిలో, మెయిన్స్ జూన్‌లో. పరీక్ష జరిగే సంవత్సరం జనవరి 1 నాటికి 21 నిండి ఉండాలి, 32 నిండకూడదు. ఎస్సీ, ఎస్టీలకి అయిదేళ్లు, ఓబీసీలకి మూడేళ్లు సడలింపు. ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరంలో ఉన్నవాళ్లూ అప్లై చేయొచ్చు. పాసైనట్టు రుజువు వాళ్లు చెప్పిన గడువులోపు చూపాలి. ఫీజు 200 రూపాయలు, ఆడపిల్లలకి అది కూడా లేదు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా ఉంటే అక్షరం తేడా లేకుండా అలాగే ఎక్కించు. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడా మనవాళ్లకి ఎప్పుడూ ఉంటుంది. ఆధార్‌లో ఒకలా, పదో తరగతిలో ఒకలా ఉంటే ఇప్పుడే సరిచేయించు. పరీక్ష సెంటర్లు ముందు అప్లై చేసినవాళ్లకి ముందు ఇస్తారు. ఆఖరి రోజు దాకా ఆగితే దూరం ఊరు పడుతుంది. నేను హైదరాబాద్ పెట్టుకుని ముందురోజు సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాణ్ని, పొద్దున దిగి నేరుగా పరీక్షకి. అలా చేయకు. ఒక రోజు ముందే చేరి నిద్రపో.

నువ్వు జియాలజీ కాబట్టి రెండు విభాగాలకీ అప్లై చేయొచ్చు. ఒకటి జీఎస్ఐలో జియాలజిస్ట్. రెండోది సెంట్రల్ గ్రౌండ్ వాటర్ బోర్డులో సైంటిస్ట్ బి, హైడ్రోజియాలజీ. రెండూ గ్రూప్ ఏ, మూల వేతనం 56,100తో మొదలు. మొదటి రెండు మెయిన్ పేపర్లు రెండింటికీ ఒకటే. మూడోది జీఎస్ఐకి జియాలజీ మూడో పేపర్, బోర్డుకి హైడ్రోజియాలజీ. అంటే ఒక పేపర్ అదనంగా రాస్తే రెండు తలుపులు తెరుచుకుంటాయి. రెండూ టిక్ పెట్టు. హైడ్రోజియాలజీ అంటే లెక్కలని భయపడేవాళ్లున్నారు. నేలలో నీటి కదలికని లెక్కకట్టే డార్సీ, థీస్ సూత్రాలు చేతిలో పెట్టుకుని పాత లెక్కలు యాభై చేస్తే ఆ భయం పోతుంది. దీనికీ మన ఊరే ఉదాహరణ. ఖొండలైట్ లోతుగా శిథిలమవుతుంది, చార్నోకైట్ అంతగా కాదు. ఏ ఊళ్లో ఏ రాయి ఉందో చూసి అక్కడి బావుల సంగతి అడిగితే తేడా తెలుస్తుంది. తీరం దగ్గర సముద్ర మట్టం కంటే ఒక మీటరు పైన మంచినీళ్లు నిలిచి ఉంటే, కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీళ్లుంటాయన్న సూత్రం ఉంది కదా. అపార్ట్‌మెంట్లు బోర్లు వేసి ఆ ఒక్క మీటరు లాగేస్తే ఏమవుతుందో బీచ్ రోడ్డు పక్కనున్న వాళ్లని అడుగు.

కులం సర్టిఫికెట్ గురించి జాగ్రత్త. మన రాష్ట్రంలో బీసీ అయినంతమాత్రాన కేంద్రంలో ఓబీసీ అయిపోరు. ఉత్తరాంధ్రలో రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలు కొన్ని ఉన్నాయి. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందు చూసుకో. ఉంటే కేంద్ర ప్రభుత్వం నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ తీసుకోవాలి, రాష్ట్రం ఇచ్చే బీసీ ఏ, బీ, డీ కాగితం చెల్లదు. కేంద్ర జాబితాలో లేకపోతే, ఆదాయం, ఆస్తి పరిమితులు సరిపోతే ఈడబ్ల్యూఎస్ కింద వస్తావేమో చూసుకో. రెండు సర్టిఫికెట్లకీ ఏ తేదీల మధ్య తీసుకున్నది చెల్లుతుందో నోటిఫికేషన్‌లో ఉంటుంది. నా దగ్గర చదివిన ఒక పిల్ల ఒక ఆఫీసు చుట్టూ ఆరు వారాలు తిరిగింది. కాగితం చేతికొచ్చేసరికి నమూనా తప్పు, మళ్లీ మొదటికి. ఆ టెన్షన్‌తో చదువు పాడైంది. నువ్వు ఆ పని ఆగస్టులోనే మొదలుపెట్టు, నమూనా ప్రింటు నువ్వే తీసుకెళ్లి ఇవ్వు.

ఖాళీల సంఖ్య చూసి గుండె జారిపోకూడదు, పొంగిపోకూడదు. 2023లో 285 ఉన్నాయి, 2024లో 56, 2025లో 85. ఒక ఏడాది తగ్గాయని వదిలేసినవాళ్లు మరుసటి ఏడాదికి సిద్ధంగా ఉండరు. ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి లేదు, వయసు ఉన్నంతకాలం రాయొచ్చు. ఇదే చదువుతో గేట్ జియాలజీ పేపర్ కూడా రాయి. రెండూ ఫిబ్రవరిలోనే వస్తాయి, సిలబస్ చాలా వరకు కలుస్తుంది.

ఇంటర్వ్యూలో నీ ఊరు, నీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు, నువ్వు ఫామ్‌లో రాసిన హాబీ, ఈ మూడింటినుంచే ప్రశ్నలు మొదలవుతాయి. విన్నదల్లా అప్పజెప్పకు. బొర్రా గుహల్ని 1807లో జీఎస్ఐకి చెందిన విలియం కింగ్ కనిపెట్టాడని చాలాచోట్ల రాసి ఉంటుంది. జీఎస్ఐ పుట్టిందే 1851లో! ఆ మాట బోర్డు ముందు అంటే, నీ సంస్థ ఎప్పుడు మొదలైందో కూడా నీకు తెలియదని అర్థం. తెలియనిదాన్ని తెలియదని చెప్పు, వాళ్లు మర్యాదగా తరవాతి ప్రశ్నకి వెళ్తారు. చూసిన రాయి గురించి అడిగితే మాత్రం ధైర్యంగా, నీ కొలతలతో చెప్పు.

ఇంట్లోవాళ్ల భయం గురించి. ఉన్నదున్నట్టు చెప్తాను, మీ అమ్మగారికి చదివి వినిపించు. చేరగానే హైదరాబాద్ బండ్లగూడలోని జీఎస్ఐ శిక్షణ సంస్థలో ట్రైనింగ్, మధ్యలో చిత్రదుర్గ లాంటి చోట్ల ఫీల్డు క్యాంపులు. తర్వాత పోస్టింగ్ దేశంలో ఎక్కడైనా రావచ్చు. మొదటి పోస్టింగే షిల్లాంగ్ అయినవాళ్లున్నారు. ఏడాదిలో నెలల తరబడి ఇంటికి దూరంగా ఒక పల్లెలో అద్దె ఇంట్లోనో, గెస్ట్ హౌస్‌లోనో, గుడారంలోనో ఉండాలి. రోజుకి పది పన్నెండు కిలోమీటర్లు ఎండలో నడవాలి. బాత్రూము సౌకర్యం అన్నిచోట్లా ఉండదు. నెలసరి రోజుల్లోనూ పని ఉంటుంది. ఇవన్నీ నిజమే. నాతో పనిచేసిన అమ్మాయిలు ఇవన్నీ పడ్డారు, మంచి మ్యాపులు చేశారు. నా ఆఖరి సంవత్సరాల్లో మెరైన్ విభాగంలో సముద్రం అడుగు నమూనాలు తీసే ఓడ మీద మాతో ఒక అమ్మాయి ఉండేది. మొదటి రెండు రోజులు వాంతులతో పడుకుంది. మూడో రోజు డెక్ మీద కోర్ గొట్టాలు తనే లాగించి, పొరలు చూసి రాసుకుంది. ఒంటరిగా అడవిలోకి పంపరు, జీపు ఉంటుంది, ఊరి మనుషులు తోడు వస్తారు. పెళ్లి, పిల్లలు వచ్చాక కష్టం ఇంకా పెరుగుతుంది. భర్త, అత్తింటివాళ్లు అర్థం చేసుకున్న చోట నిలబడ్డారు, చేసుకోని చోట నలిగిపోయారు. అది నేను దాచను. మీ నాన్నగారితో ఇప్పుడే మాట్లాడుకోవడం మంచిది.

ఇక ఆ గనుల కంపెనీ ఉద్యోగం. అక్కడ నీకు ఏం పని ఇస్తారో అడుగు. డ్రిల్లింగ్‌లో బయటికి తీసిన రాతి కడ్డీ (కోర్) చూసి లాగ్ రాసే పనైతే చేరిపో. రోజూ కోర్ పెట్టెల ముందు కూర్చున్న పిల్లకి మూడో పేపర్ సగం వచ్చేస్తుంది, ఇంటికి నాలుగు రూపాయలు పంపినట్టూ ఉంటుంది. ఫిబ్రవరిలో ఒక వారం, జూన్ ముందు ఒక నెల సెలవు ఇస్తారా అని చేరేముందే మాట్లాడుకో. ఆఫీసులో కూర్చుని కాగితాలు పంపే పనైతే వద్దు, అలసట మిగులుతుంది, జియాలజీ రాదు. నీకు 22 ఏళ్లు ఉంటాయనుకుంటున్నాను, ఇంకా పదేళ్లు టైముంది. అలాగని పదేళ్లూ దీనికే పెట్టకు. మూడు ప్రయత్నాలు మనసు పెట్టి చేసి, అప్పుడు ఆగి చూసుకో.

ఈ ఆదివారం తెల్లవారుజామున భీమిలి బస్సెక్కి మంగమారిపేట దగ్గర దిగు. తొట్లకొండకి ఎదురుగా సముద్రం ఒడ్డున సహజంగా ఏర్పడిన రాతి తోరణం ఉంది. అది ఏ రాయో నేను చెప్పను. సుత్తి ఇంట్లో వదిలేసి లెన్స్, బ్రంటన్ తీసుకెళ్లు. ఫోలియేషన్ కొలిచి రాసుకో, జాయింట్లు (రాతి పగుళ్లు) ఎటు ఉన్నాయో చూడు, అల ఎక్కడ తగులుతోందో చూసి స్కెచ్ వేసుకో. సాయంత్రం గడియారం పెట్టుకుని 18 నిమిషాల్లో అది ఎలా ఏర్పడిందో ఇంగ్లీషులో రెండు పేజీలు రాసి ఫొటో తీసి పెట్టు. ఎర్రపెన్నుతో దిద్ది పంపిస్తాను.